ఎటు పోతున్నవంటే సలేశ్వరం పోతున్న

హుజూర్‌నగర్‌లో పనేమీ లేకుండా పొద్దున్నే ఒక ఫర్లాంగు నడిచి చూడండి, తెలుస్తుంది. చేతిలో చెంబుంటే ఎవరూ ఏమీ అనరు. భుజం మీద నాగలి ఉంటే అసలే అనరు. ఖాళీ చేతులు ఊపుకుంటూ బయల్దేరితే మాత్రం అరుగు అరుగుకూ ఒక గొంతు లేస్తుంది. "ఎటు పోతున్నవే ఎంకటేశం?"

నన్ను నడవమన్నది దవాఖాన డాక్టరు. నేను మగ్గం ఇంట పుట్టినవాణ్ని. ముప్పై అయిదేళ్లు దాటేదాకా గుంట మగ్గంలో కాళ్లు ఆడించి, తర్వాత నూలు దుకాణం పెట్టి గల్లాపెట్టె వెనక చేరాను. మగ్గంలో ఒళ్లంతా పనిచేసేది, గల్లాపెట్టె వెనక నాలుక ఒక్కటే పనిచేసింది. పదేళ్లలో నా పొట్ట నాకన్నా ముందు గడప దాటడం నేర్చుకుంది. ఎదురొచ్చినవాళ్లు ముందు దానికి నమస్కారం పెట్టి, తర్వాత నాకు పెట్టేవారు.

ఆ మాఘమాసంలో ఒకరోజు అటక మీది నూలు కట్ట దించబోయి నిచ్చెన రెండో మెట్టు మీదే కళ్లు తిరిగి పడ్డాను. నూలు బేళ్ల మీద పడ్డాను కనుక దెబ్బ తగల్లేదు. కళ్లు తెరిచేసరికి మా సత్తెమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని, అప్పటికే నల్లమల అడవిలోని సలేశ్వరం లింగమయ్యకు మొక్కేసి ఉంది. చైత్ర పున్నమి జాతరకు నన్ను తీసుకొస్తానని. అంతటితో ఆగినా బాగుండేది. నేను నా కాళ్ల మీదే లోయ దిగి, నా కాళ్ల మీదే ఎక్కుతానని కూడా మాటిచ్చింది. ఎవరైనా మోశారా, మొక్కు చెల్లదు. మొక్కు చెల్లకపోతే నేను దక్కనని ఆమె నమ్మకం. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండె చెడిపోలేదని, కూర్చుని కూర్చుని బద్ధకించిందని చెప్పాడు. పొద్దునా మాపునా చెట్లున్న చోట నడవమన్నాడు. ఎత్తులు మెల్లగా ఎక్కమన్నాడు, ఆయాసం వస్తే ఆగమన్నాడు. నా పెళ్లామూ డాక్టరూ ఒకే మాట మీద ఉండటం అదే మొదలు.

నడవడం మొదలుపెట్టాను. మొదటి రోజు అరుగు మీది వాళ్లడిగితే, కాలువ పక్కన జాగా చూడబోతున్నానన్నాను. మర్నాటికి ఇద్దరు దళారులు మా దుకాణం ముందు తేలారు. ఇంకోరోజు, బర్రె తప్పిపోయిందన్నాను. వీధిలో సగం మంది కర్రలు పట్టుకుని బయల్దేరి, మధ్యాహ్నానికి ఎవరిదో బర్రెను పట్టుకొచ్చి మా గుమ్మానికి కట్టేసి, ఒక్కొక్కరూ చాయ్ తాగి పోయారు. సాయంత్రం ఆ బర్రె యజమాని వచ్చి పెట్టిన కేకలు ఇప్పుడెందుకులెండి. ఇక లాభం లేదని ఒకరోజు నిజం చెప్పాను. డాక్టరు నడవమన్నాడు, ఊరికే నడుస్తున్నానని. ఆ ఒక్కటే ఎవరూ నమ్మలేదు. ఇంట్లో ఏమైనా కొట్లాటయిందా అని సత్తెమ్మను వాకబు చేశారు.

అబద్ధాలకు నేనెన్నడూ కరువెరగను. కానీ రోజుకు రెండు పూటలా వీధి పొడుగునా పంచాలంటే ఎవడి దగ్గర మాత్రం అన్ని ఉంటాయి? కథ దొరికిన రోజు నడిచాను, దొరకని రోజు మానేశాను. చైత్రం వచ్చేసరికి నడవాల్సిన దాంట్లో సగమే నడిచాను.

పున్నమికి రెండు రోజుల ముందు, పొద్దున ఆరింటికి మిర్యాలగూడ పోయే ఎర్ర బస్సెక్కాం. మేమిద్దరం, మాతో సత్తెమ్మ తమ్ముడు నర్సిమ్మ. తిరుమలగిరిలో తాలీంఖానాకు పోయి దండీలు, బస్కీలు తీసే పహిల్వాను. పొద్దున లేస్తే నానబెట్టిన శనగలు గుప్పెడు నోట్లో వేసుకుంటే తప్ప మాట్లాడడు. అక్క కబురు పంపితే తోడుకు వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నన్ను సంతలో ఎద్దును చూసినట్టు చూస్తున్నాడు.

"నువ్వు ఫికర్ జెయ్యకు బావా," అన్నాడు బస్సులో. "పడిపోతే సంకల పెట్టుకొని మీదికి తెస్త."

"నువ్వు ముట్టుకున్నవా, మొక్కు పాయె," అంది సత్తెమ్మ. "చేతులు జేబుల పెట్టుకొని నడువు."

మిర్యాలగూడలో ఎనిమిదికి దిగాం. ఎనిమిదిన్నరకు దేవరకొండ బస్సు. ఈ దారిన వెళ్లదలచుకున్నవారు ఎడమ పక్క కూర్చోకండి, దారంతా ఎండ అటే. మేము ఎడమ పక్కే కూర్చున్నాం. సాగరు కాలువ తవ్వకాలు జోరుగా సాగుతున్న రోజులవి. పలుగులు, పారలు, వంటగిన్నెల మూటలతో పాలమూరు కూలీలు జాతర కోసం ఇళ్లకు పోతూ బస్సు నిండా ఉన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా పొట్టను, నర్సిమ్మ కండలను మార్చి మార్చి చూసి, ఇద్దరిలో మొక్కు ఎవరిదని అడిగింది. నాదేనన్నాను. ఆవిడ నిట్టూర్చి తన మూటలోంచి ఒక జొన్నరొట్టె తీసి నర్సిమ్మకిచ్చింది. "తిను బిడ్డా, నీకు పనుంది," అంది.

దేవరకొండకు పన్నెండింటికి చేరాం. బస్టాండు పక్క హోటల్లో భోజనం. పప్పు బాగుంది, మజ్జిగ ఇంకా బాగుంది. వడ్డించినంత తినొద్దని సత్తెమ్మ కళ్లతో చెబుతుంటే నేను చూపు తిప్పేసుకుని ఇంకో ముద్ద తిన్నాను. ఒకటిన్నరకు అచ్చంపేట బస్సు. డిండి దగ్గర చెరువు నీళ్లు తళతళ మెరిసి కనబడ్డాయి. ఆ మెరుపుకు నాకు హుషారొచ్చి, మా నాయిన కాలంలో ఈ నీళ్లు తాగిన పులి తియ్యగా ఉన్నాయని మళ్లీ వచ్చి చెంబడిగిన కథ మొదలుపెట్టాను. డిండిలో మొదలైన పులి అచ్చంపేట దాకా ఆగలేదు. బస్సంతా నవ్వింది. సత్తెమ్మ ఒక్కతే నవ్వకుండా నా నోటికేసి చూస్తూ కూర్చుంది. ఎందుకలా చూస్తోందో ఆ రోజు నాకు తెలియలేదు.

అచ్చంపేటలో బస్సు మారి, ఆరింటికి మన్ననూరులో దిగాం. అక్కడ ఊరు అయిపోతుంది, అడవి మొదలవుతుంది. ఇప్పపూల వాసన గాలిలో తియ్యగా, కాస్త మత్తుగా తేలుతోంది. చెట్ల కింద, బండ్ల కింద, ఎక్కడ చూసినా జాతర జనం. మేమూ ఒక చాయ్ కొట్టు పందిట్లో చాప పరుచుకున్నాం. రొట్టె, ఎల్లిపాయ కారం తిని కాళ్లు సాగదీద్దామని లేచి, చెట్ల మధ్యన అటు కొసదాకా నడిచి వచ్చాను. మళ్లీ నడిచాను. మూడోసారి నడుస్తుంటే తట్టింది, ఇంతమందిలో ఒక్కడు కూడా నన్ను ఎటు పోతున్నవని అడగలేదు. అందరూ పోయేది అటే కదా. నాకు చిన్నపిల్లాడిలా గంతేయాలనిపించింది. వేశాను కూడా. నర్సిమ్మ పడుతున్నాననుకుని చేతులు చాచి పరుగెత్తుకొచ్చాడు.

తెల్లవారుజామున అయిదింటికి ఎడ్లబండి కట్టించుకున్నాం. ముగ్గురికీ కలిపి కిరాయి రెండు రూపాయలు. ఫరహాబాద్ అడవి గుండా బండి కుదుపులకు నా పొట్ట ఒక పక్కకూ నేను ఒక పక్కకూ ఊగుతూ పోయాం. బండ్లు ఆగే చోట దిగేసరికి తొమ్మిది. అక్కడి నుంచి ఎవరి కాళ్లు వారివి. కొండ అంచున సన్నటి దారి. ముందు జనం, వెనక జనం, నోళ్లన్నిట్లో ఒకటే కేక. "వస్తున్నం లింగమయ్యా! వస్తున్నం!" నేనూ కేక వేశాను. నా కేకకు లోయలోంచి జవాబొచ్చింది. కొండకు తగిలి నా గొంతే తిరిగొచ్చిందని నర్సిమ్మ అన్నాడు. నేను ఒప్పుకోలేదు, నా గొంతు అంత బాగుండదు.

దిగడం కష్టమనిపించలేదు. నీడగా ఉంది. వెదురు పొదలు, రాలిన ఆకులు, ఎక్కడో కోతుల అరుపు. తునికి పండ్లు అమ్మే చెంచు ఆడవాళ్ల దగ్గర దోసెడు కొని తింటూ దిగాం. పదకొండింటికి అడుక్కు చేరాం. తలెత్తితే మెడ విరిగేంత ఎత్తు నుంచి సన్నటి నీటి ధార గుండంలో పడుతోంది. బయట ఎండాకాలం, లోపల వణుకు పుట్టించే చల్లదనం. ధార కింద నిలబడితే నెత్తి మీద ఎవరో గులకరాళ్లు పోస్తున్నట్టుంది. నా పక్కన ఒక ముసలాయన, ఇద్దరు కూలీ ఆడవాళ్లు, నర్సిమ్మ, నేను, అందరం కారణం లేకుండా నవ్వాం. ఒకరి నవ్వు చూసి ఒకరం నవ్వాం. అంత నవ్వు మా దుకాణంలో పదేళ్లలో నవ్వలేదు.

గుహలో చెంచు పూజారి విభూతి పెట్టాడు. తలనీలాల మొక్కు, కోడి మొక్కు అన్నీ చూసినవాడేమో, నా పొట్ట వంక చూసి నెమ్మదిగా అడిగాడు. "గిది గూడ మొక్కేనా అన్నా?"

"మొక్కే," అన్నాను. "ఈడ వదిలేసి పోదామని తెచ్చిన."

"ఈడ జాగ లేదు. మోసుకపో," అన్నాడాయన.

నీళ్ల పక్కన సద్ది తిని, కాసేపు నడుం వాల్చి, రెండింటికి ఎక్కడం మొదలుపెట్టాం. అసలు మొక్కు అక్కడి నుంచే.

మొదటి మలుపు దాకా బాగానే పోయాను. అప్పుడు ఛాతీలో కమ్మరి కొలిమితిత్తి మొదలైంది. రెండో మలుపు దగ్గర ఒక్కో చెట్టు నాలుగైదుగా కనబడింది. రాయి మీద కూలబడ్డాను. పైకి చూస్తే దారి ఇంకా బోలెడు. నోట మాట రాలేదు. సత్తెమ్మ ముఖం తెల్లబడింది. నర్సిమ్మ కళ్లు మాత్రం మెరిశాయి. వాడు మొలకు తువ్వాలు బిగించి, ఒక మోకాలు వంచి, నా చంకల కింద చేతులు పెట్టబోయాడు. సత్తెమ్మ ఆ చేతుల మీద ఒక్కటి వేసింది.

"నువ్వు ముందుకు వో," అంది. వాడు రోషంతో దారి పట్టి పైకి ఉరికాడు.

ఆమె నా ఎదురుగా కూర్చుంది. నీళ్లు తాగించింది. ఊపిరి కుదుటపడేదాకా కొంగుతో విసిరింది. తర్వాత తల వంచుకుని అంది.

"ఆ దినం దుకాణంల నువ్వు మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగిపోయినవ్. నీ నోరు ఆగితేనే నాకు భయం. అచ్చంపేట దాక పులి కత చెప్పినవు గద, ఏం ఆయాసం రాలె. గిప్పుడు ఎలుగుబంటి కత చెప్పుకుంట నడువు. కత ఆగిందంటే కూసుందాం."

మా ఎలుగుబంటి కథ ఆమె ఇరవై ఏళ్లుగా వింటోంది, ఇరవై ఏళ్లుగా వట్టి కూతలు అంటోంది. ఆమే చెప్పమని అడగడంతో నాకు సగం జబ్బు అక్కడే పోయింది.

లేచాను. మొదలుపెట్టాను. మా నాయిన చీరెల మూట నెత్తిన పెట్టుకుని ఈ నల్లమలలో అమ్మకానికి వచ్చాడు. ఇప్పపూలు తిని మత్తెక్కిన ఎలుగుబంటి ఒకటి అడ్డంపడి, ఒక చీరె కొంగు నోట కరిచి నడక సాగించింది. నాయిన రెండో కొంగు వదల్లేదు. చీరె అడవి పొడుగునా సాగింది, మా వీధిలో తెల్లవారి నూలు పడుగును గంజి పెట్టి సాగదీసినట్టు. సాగిన పడుగు కనబడితే కుంచెతో దువ్వకుండా మావాళ్లు ఆగలేరు. నాయిన సంచిలోంచి కుంచె తీసి, ఆ చీరెను దువ్వుకుంటూ ఎలుగు దాకా పోయాడు. పోయి చూస్తే ఆ కొసన అది కూడా గోళ్లతో దువ్వుతోంది, ఒక్క పోగు తెగకుండా.

వెనక నడుస్తున్న ముసలమ్మ ఒకామె అడిగింది. "అయితే దాన్ని పనిల పెట్టుకున్నడా మీ నాయిన?"

పెట్టుకున్నాడన్నాను. జీతం రోజుకు గంపెడు ఇప్పపూలు. మనిషికి తొక్కడానికి రెండు కాళ్లే, దానికి నాలుగు. మనం ఒక చీరె నేసేలోపు అది రెండు నేసేది. నా వెనక జనం పోగయ్యారు. ముందున్నవాళ్లు నడక తగ్గించారు. ఎవరో తొందరపడి దాటబోతే, "కత నడుస్తాంది, జర ఆగు," అని నలుగురు కసిరారు. ఆ ఇరుకు దారిలో జాతర జాతరంతా నా అడుగుల మీద నడిచింది.

ఆయాసం రాకపోలేదు. వచ్చినప్పుడల్లా, "అప్పుడు ఎలుగుబంటి ఏం జేసిందంటే..." అని ఆపి రాయి మీద కూర్చునేవాణ్ని. వాళ్లు అది కథ చెప్పే నేర్పు అనుకున్నారు. ఒకాయన సొరబుర్రలో నీళ్లిచ్చాడు, ఇంకొకామె విసనకర్రతో విసిరింది. నా ఊపిరి నాకు తిరిగొచ్చేదాకా యాభై మంది ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సత్తెమ్మ ఒక్కతే నా ఛాతీ వంక చూస్తూ, అది నెమ్మదించాక, "చెప్పు," అనేది.

మూడొంతులు ఎక్కాక దారి పక్కన నర్సిమ్మ కనబడ్డాడు. ఉరికి ఉరికి పిక్క పట్టేసి, కాలు చాచుకుని మూలుగుతున్నాడు. మమ్మల్ని చూసి అటు తిరిగాడు. తర్వాత ఉండబట్టలేక, "ఎందాక వచ్చింది బావా కత?" అన్నాడు. ఎలుగుబంటికి పట్టంచు నేయడం వచ్చిందన్నాను. కుంటుకుంటూ లేచి వరసలో కలిశాడు.

అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. మా నాయిన చెప్పిన కథలో ఎలుగుబంటి నాలుగేళ్లు నేసి, ఒక వానాకాలం అడవి గుర్తొచ్చి వెళ్లిపోతుంది. అంతే. ఎంత సాగదీసినా అది వెళ్లిపోయింది, దారి మాత్రం ఇంకా రెండు మలుపులుంది. పెద్ద మలుపులు. కొత్తది అల్లుదామంటే బుర్రలో నెత్తురు లేదు. ఆగాను. ఈసారి, "అప్పుడు ఏం జేసిందంటే," అనడానికి కూడా లేకుండా ఆగాను. నర్సిమ్మ చేతులు మళ్లీ జేబుల్లోంచి బయటికొచ్చాయి.

"అది పోలేదు," అంది సత్తెమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. నేనూ తిరిగాను. ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది.

"దానికి ఒక పెండ్లాం ఉండె. అది అడవిల ఉండె. మొగడు మగ్గం మానేసి కొట్టుల కూసొని, ఇప్పపూలు తిని తిని బలిసిండని తెలిసింది. లింగమయ్యకు మొక్కింది, నా మొగన్ని నాలుగు కాళ్ల మీదనే కొండెక్కిస్త అని." నాకేసి చూసింది. "ఊ కొట్టు. ఊ ఆగిందంటే నేను ఆగుత."

"ఊ," అన్నాను.

"దమ్ము వచ్చినంక నడువు."

దమ్ము వచ్చింది. నడిచాను. ఆమె చెప్పింది. సత్తెమ్మ కథ చెప్పడం నేను పుట్టి ఎరగను. అవ్వ దగ్గర ఊ కొట్టిన పిల్లాడిలా మాటకొక అడుగు, అడుగుకొక ఊ. ఆడ ఎలుగు ముందు నడుస్తుంది, మగ ఎలుగు వెనక నడుస్తుంది. దారిలో తేనెపట్టు కనబడితే మగ ఎలుగు ఆగుతుంది, ఆడ ఎలుగు చెవి పట్టి లాగుతుంది. దానికో బామ్మర్ది ఎలుగు కూడా ఉంది, ఎప్పుడు మోద్దామా అని చేతులు పిసుక్కుంటూ. జనం నర్సిమ్మను చూసి పడీపడీ నవ్వారు. నర్సిమ్మ కూడా నవ్వాడు. నా ఊ సన్నబడినప్పుడల్లా ఎలుగులు చెట్టు కింద కూర్చునేవి, మేమూ కూర్చునేవాళ్లం.

ఆఖరి మలుపులో ఆమెకు కూడా దమ్ము చాలలేదు. కథ ఆగింది.

"ఎక్కిందా?" అన్నాను నేను.

"ఇంక ఎక్కుతాంది," అంది. నా చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే మోసినట్టవుతుందేమోనని భయం. నా చొక్కా అంచును రెండు వేళ్లతో పట్టీ పట్టనట్టు తాకి ఉంచింది.

చెట్లు విడిపోయాయి. ఎండ ముఖాన పడింది. బండ్ల ఎడ్లు కనబడ్డాయి.

"ఎక్కింది," అంది సత్తెమ్మ, కూలబడి ముక్కు చీదుకుంది. అప్పుడు సమయం అయిదు దాటింది. వెనక్కి తిరిగి లోయలోకి, "పోయొస్తం లింగమయ్యా!" అని కేక వేశాను. నా గొంతే తిరిగొచ్చింది. ఈసారి బాగానే ఉందనిపించింది.

రాత్రి తొమ్మిది దాటాక మన్ననూరు చేరి ఒళ్లెరగకుండా నిద్రపోయాం. మర్నాడు పొద్దున బస్సెక్కి, వచ్చిన దారినే అచ్చంపేట, దేవరకొండ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి హుజూర్‌నగర్ ఆఖరి బస్సు పోయింది, ఆ రాత్రి బస్టాండులోనే పడుకున్నాం. సలేశ్వరం పోయేవారికి నేను చెప్పేది ఇంతే. ముందు నుంచి నడక అలవాటు చేసుకోండి, నాలా సగం నడిచి పోకండి. నీళ్లు పెట్టుకోండి. ఎక్కేటప్పుడు మాట పోయిందంటే ఆగండి, వచ్చాక నడవండి. ఊ కొట్టేవాళ్లనో, ఊ కొట్టించుకునేవాళ్లనో ఒకర్ని వెంట తీసుకుపోండి. పహిల్వాన్లు అక్కర్లేదు. మావాడికి బస్సులో సీటంతా కాలు చాచుకోవడానికే సరిపోయింది, మేమిద్దరం నిలబడి వచ్చాం.

మర్నాడు మొదటి బస్సుకు, ఏడు కాకముందే హుజూర్‌నగర్‌లో దిగాం. మా వీధిలో పడుగు సాగదీసి ఉంది. ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెల్లటి నూలు, పచ్చి గంజి వాసన, ఒక పక్కన మా పక్కింటి మల్లేశం కుంచె పట్టుకుని ఎదురు పక్కకు మనిషి లేక చూస్తున్నాడు. దుకాణం పెట్టిన నాటి నుంచీ రోజూ దీన్ని దాటుకుంటూ పోయాను. మూట సత్తెమ్మకిచ్చి, రెండో కుంచె అందుకుని ఎదురుగా నిలబడ్డాను. ఇద్దరం దువ్వుకుంటూ నడిచాం. ఆ కొసకు పోయాం, ఈ కొసకు వచ్చాం. మళ్లీ పోయాం. అరుగుల మీద అందరూ ఉన్నారు. ఎటు పోతున్నవే అని ఒక్కడూ అడగలేదు.

మల్లేశం మాత్రం నూలు మీదుగా తల వంచి అడిగాడు. "సలేశ్వరంల ఏం జూసినవే అన్నా?"

"ఎలుగుబంట్లను," అన్నాను. "జంటను."

మా గడప లోపలి నుంచి సత్తెమ్మ గొంతు వినబడింది.

"ఊ."